బిగిసినంత మాత్రాన కుదిరినట్టా?

బండికి నిమ్మకాయ, మిరపకాయలు కడితే ప్రమాదాలు జరగవని నమ్మేవాళ్ళను మనం తేలిగ్గా ఎగతాళి చేస్తాం. అదే బండికి పెద్ద మోడల్ షాకులు వేయిస్తే రోడ్డుకి అతుక్కుపోతుందని నమ్మేవాణ్ణి మాత్రం టెక్నికల్‌గా తెలిసినవాడు అంటాం. ఈ రెండు నమ్మకాలకీ తేడా ఏమిటి? రెండోదాంట్లో స్పానరు ఉంది, అంతే. పరీక్ష రెండింట్లోనూ లేదు.

స్పోర్ట్స్ కార్ల మీద మోజున్న దేశాల్లో ఇదొక పెద్ద వ్యవహారం. ఒక మోడల్ సస్పెన్షన్ తీసి దాన్ని పోలిన మరో మోడల్‌కి బిగిస్తుంటారు. మా ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల కుర్రాళ్ళకు అంత తాహతు లేదు. వాళ్ళకి స్పోర్ట్స్ కారైనా ఏదైనా మోటార్‌సైకిలే. మా అక్క కొడుకు ప్రేమ్ బజార్‌లో ఒక మెకానిక్ దగ్గర తన 150 సీసీ బండికి అదే కంపెనీ పెద్ద మోడల్ వెనక షాకులు, సెకండ్ హ్యాండ్‌వి వేయించాడు. విశ్వకర్మ పూజ నాడు బిగించి, టైరు కింద నిమ్మకాయ కూడా తొక్కించాడట.

"మావయ్యా, రెండూ ఒకే కంపెనీ. ఒక్క బోల్టు కూడా మార్చలేదు, చక్కగా కూర్చున్నాయి. పైగా గ్యాస్ షాకులు!" అన్నాడు.

వాడు రోజూ మా అక్కను ఆ బండి మీదే స్కూల్లో దింపుతాడు. అందుకని ఈ మాటల్ని నవ్వి వదిలేయడం నావల్ల కాలేదు.

బోల్టు రంధ్రం కలిసిందంటే బోల్టు రంధ్రం కలిసిందనే అర్థం. అంతకు మించి అది ఏదీ రుజువు చేయదు. 2012లో వచ్చిన టొయోటా 86, సుబారు బీఆర్‌జడ్ కార్లను చూడండి. జపాన్‌లో ఒకే ఫ్యాక్టరీలో తయారైన కవల పిల్లలవి. అయినా స్ప్రింగులు వేరు. సుబారుకి ముందువైపు గట్టివి, వెనక మెత్తనివి వేశారు. కవలలకే అంత తేడా పెట్టారంటే, వరసకు అన్నదమ్ములైన బళ్ళ సంగతేమిటి? 1996 నాటి పోర్షె బాక్‌స్టర్‌కీ, ఆ మర్నాటి ఏడు వచ్చిన 911కీ ముందు భాగాలు చాలావరకు ఒకటే. కానీ ఒకదానికి ఇంజను వెనక చక్రాలకు ముందుంటుంది, రెండోదానికి వాటి వెనక వేలాడుతుంది. భాగం ఒకటే అయినా అది మోసే బరువు వేరు.

ఇంకో చిక్కుంది. స్ప్రింగు గట్టితనం ఎంతో, చక్రం దగ్గర తెలిసే గట్టితనం అంతే కాదు. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు 8 నొక్కుకునే బండిలో చక్రం దగ్గర తెలిసేది 0.8 వర్గం, అంటే 64 శాతం. షాకును కాస్త ఎక్కువ వాల్చి బిగించిన బండిలో అది 7 మాత్రమే నొక్కుకుంటే 49 శాతమే. అదే స్ప్రింగు, అవే బోల్టులు, ఫలితం మాత్రం వేరు. షాకు పొడవు పెరిగితే బండి వెనక భాగం లేచి, హ్యాండిల్ నడత మారుతుంది, చైను బిగువు కూడా మారవచ్చు. ఇక గ్యాస్ అంటారా? ఆ నత్రజని మెత్తదనం కోసం కాదు. షాకు లోపలి నూనె ఎడతెగని కుదుపులకు నురగ కట్టకుండా ఒత్తిడి పెట్టి ఉంచడానికి.

ఈ పాఠం ఖరగ్‌పూర్‌కి కొత్తదీ కాదు. ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్ళు ఇక్కడికి వచ్చి స్థిరపడిందే రైల్వే కొలువుల కోసం. పాత ఐసీఎఫ్ పెట్టెల బోగీ స్ప్రింగుల్ని రైల్వేవాళ్ళు కంటితో చూసి వేయరు. ప్రెస్సులో నిర్ణీత బరువు పెట్టి, అప్పుడు నిలిచిన ఎత్తు కొలుస్తారు. ఆ ఎత్తును బట్టి ఏ, బీ, సీ అని మూడు గుంపులు చేసి పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వేస్తారు. ఒక బోగీకి ఒకే గుంపువి వేయాలని నియమం. ఒకే డ్రాయింగు ప్రకారం చేసిన స్ప్రింగుల్నే ఇలా వేరుచేస్తారు! "చూడ్డానికి ఒకేలా ఉన్నాయి" అన్న మాట అక్కడ చెల్లదు.

ఈ మాటలతో మా వాడు ఒప్పుకోలేదు. "తొక్కినవాడికి తెలుస్తుంది మావయ్యా" అన్నాడు. అనుభవమే సాక్ష్యమట! బాబాల భక్తులూ ఇదే అంటారు కదా. మోసానికి తావులేని పరిస్థితుల్లో మహిమ చూపిస్తే లక్ష రూపాయలిస్తానని అబ్రహాం కోవూరు 1963లో శ్రీలంకలో సవాలు చేశాడు. మా దగ్గర లక్ష లేదు గానీ, ఆ పద్ధతికి ఖర్చేమీ లేదు.

ముందు రెండు జతల పొడవూ కొలిచాం, ఒకటే. లీకులు లేవని చూశాం. ఆ తర్వాతే పరీక్షకు దిగాం. రెండు ఆదివారాలు, ఎనిమిది సవారీలు. ప్రేమ్ బజార్ నుంచి హిజ్లీ స్టేషన్ వైపు అదే రోడ్డు, అదే వేగం. ప్రతిసారీ మెకానిక్ బొమ్మా బొరుసూ వేసి ఏ జత పడితే అది బిగించి గుడ్డ చుట్టేవాడు. ఏ జత ఉందో వాడికీ, వెనక కూర్చున్న అక్కకీ, నాకూ తెలియదు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా చీటీలు రాయాలి.

మా వాడు ఎనిమిదింట్లో ఐదు సరిగ్గా చెప్పాడు. కళ్ళు మూసుకుని చెప్పినా ఐదో అంతకంటే ఎక్కువో సరిపోయే అవకాశం 36 శాతం ఉంది. అంటే ఏమీ తేలలేదన్నమాట.

అక్క ఎనిమిదికి ఎనిమిదీ చెప్పింది. అది గాలివాటంగా జరిగే అవకాశం 256లో ఒకటి. ఆశ్చర్యమేమీ లేదు. నడిపేవాడు రెండు చక్రాల మధ్య కూర్చుంటాడు, వెనక కూర్చున్నవాళ్ళు దాదాపు చక్రం మీదే ఉంటారు. ఇద్దరూ ఎక్కినప్పుడు పాత షాకులు 36 మిల్లీమీటర్లు దిగితే, కొత్తవి 28 మాత్రమే దిగాయి. గట్టిదనమంతా వెనక సీటుకే చేరింది.

"ఒరే నాన్నా, నీకు రోడ్డుకి అతుక్కున్నట్టుందేమో, ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా నా నడుం విరిగింది. నువ్వు సంబరంగా ఉన్నావని ఊరుకున్నాను" అంది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. డబ్బు పెట్టి కొన్నవాడికి బాగుందనిపించడం సహజం. ఆ బాగుండటానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆమె. ఆమెనెవరూ అడగలేదు, ఆమె తనంతట తాను చెప్పలేదు. మూఢనమ్మకాల చరిత్రంతా ఇంతే కదా! నమ్మేది ఒకరు, ఉపవాసాలుండేది ఇంకొకరు. మొక్కుకునేది ఒకరు, గుండు కొట్టించుకునేది చంటిపిల్ల.

మా వాడు మర్నాడే పాత షాకులు తిరిగి వేయించాడు. నేను చెప్పినందుకు కాదు, చీటీలు చూసి.

విడిభాగాలు మార్చడమే తప్పని నేననను. అరిగిపోయినవాటి స్థానంలో కొలిచి, లెక్క చూసి, సరైనవి వేస్తే నిజంగానే మేలు జరుగుతుంది. "బాగుంది" అని ఎవరైనా అన్నప్పుడు రెండు ప్రశ్నలు వేయమంటాను. ఎలా తెలుసు? ఎవరికి బాగుంది? మొదటిది మనం బాబాల్ని రోజూ అడిగేదే. రెండోది మన ఇళ్ళలోనూ అడగడం అలవాటు చేసుకోవాలి.