బండకు నిమ్మకాయ పడదు!

బుస్సుమని నురగ పొంగింది.

‘అమ్మో, ఎన్నేళ్ల మురికో!’ అనుకుంది ఆ ఇంటి కోడలు. పీచు తీసుకుని ఇంకాస్త గట్టిగా రుద్దింది. రెండు బకెట్ల నీళ్లు పోసి కడిగింది. ఫ్యాన్ వేసి, పని అయిపోయిందన్న నిశ్చింతతో టీ పెట్టుకుంది. టీ తాగి వచ్చేసరికి నేల ఆరింది. సింకు ముందు, రెండు బండల మీద, చేటంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. చెయ్యి పెడితే గరుకు!

మల్కాజిగిరిలో ఓ పాత డాబా ఇల్లు అది. 1986లో కట్టింది. దసరా నాలుగు రోజులుందనగా జరిగిందీ ముచ్చట. అత్తగారు కరీంనగర్‌లో కూతురి దగ్గరికి వెళ్లారు. ఆవిడ వచ్చేలోగా వంటిల్లు తళతళలాడాలని కోడలి ఆరాటం. సింకు దగ్గర ఎప్పటిదో పసుపు మరక సబ్బుకు పోవడం లేదు. పోకపోగా సబ్బు తగిలినప్పుడల్లా ఎర్రబారుతోంది. (పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ.) బాత్‌రూమ్ కడగ్గా మిగిలిన యాసిడ్ సీసా గుర్తొచ్చింది. టైల్స్ మీద మరకలను చిటికెలో మాయం చేసింది కదా, బండ మీద ఎందుకు చేయదు?

చేసింది. మరకతో పాటు బండనూ కొంత మాయం చేసింది.

మన వంటిళ్లలో పరిచే నాపరాళ్లన్నీ సున్నపురాయి జాతివే. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పొర మీద పొరగా పేరుకున్న రాయి. అందుకే గనిలో ఉలి పెడితే పలకలు పలకలుగా లేచి వస్తుంది. సున్నం కాల్చేదీ, సిమెంటుకు వాడేదీ ఈ జాతి రాయినే. తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఊరికే కాదు! సున్నపురాయికి పులుపు తగిలితే కరుగుతుంది. కరిగేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడే ఆ నురగ. యాసిడ్ అయితే బుస్సుమంటుంది. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ అయితే చప్పుడు చేయకుండా అదే పని నెమ్మదిగా చేస్తాయి. ఆ తెల్లమచ్చ మరక కాదు, గాయం. ఎంత కడిగినా పోదు. కడిగేకొద్దీ ఇంకాస్త కనిపిస్తుంది కూడా.

కోడలిని తప్పుపట్టడానికీ లేదు. పొయ్యి గట్టు గ్రానైట్‌ది. దాన్ని ఆవిడ రోజూ నిమ్మచెక్కతోనే రుద్దుతుంది. దానికి ఏమీ కాదు. గ్రానైట్ వేరే జాతి, పులుపును లెక్కచేయదు. గట్టూ రాయే, నేలా రాయే అనుకుంది పాపం. రెంటికీ మధ్య ఇంత తేడా ఉందని ఏ బడిలో చెప్పారు గనక!

ఆ బండల వెనక ఇంకో కథ ఉంది. ఆవిడ మామగారు రైల్వేలో చేసేవారు. తాండూరు వైపు డ్యూటీకి వెళ్లినప్పుడల్లా గనుల దగ్గర ఆగి, ఒక్కో బండనూ వేలితో కొట్టి చూసేవారట. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. చివరికి రెండడుగుల నీలం బండలు ఏరి లారీలో వేయించుకొచ్చారు. హైదరాబాద్‌లో అందరూ వీటిని కూడా ‘షాబాదు బండలు’ అనేస్తుంటే ఆయనకు కోపం వచ్చేది. ‘షాబాదు కర్ణాటకల ఉంది, ఇవి మా తాండూరువి’ అని సరిచేసేవారు. అప్పుడది రంగారెడ్డి జిల్లా, 2016 నుంచి వికారాబాద్ జిల్లా. ఆ మనిషి పోయి పదకొండేళ్లయింది. బండలు మాత్రం అత్తగారి నడకకు అలవాటుపడి అలాగే ఉన్నాయి.

‘ఇంకేం, మంచి వంక దొరికింది. పైన టైల్స్ అతికించేద్దాం. రెండు రోజుల పని’ అన్నాడు కొడుకు, మచ్చ చూసి. అతను ఆ మాట అనడం మొదటిసారి కాదు. అన్నప్పుడల్లా తల్లి వద్దంటుంది. కారణం భర్త జ్ఞాపకం ఒక్కటే కాదు. అంతకు ముందేడు కూతురింట్లో, అద్దంలాంటి టైల్స్ మీద నీటి చుక్క కనిపించక జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి మెరిసే నేల అంటే ఆవిడకు భయం. మెరిసే చోటల్లా గోడ పట్టుకుని నడుస్తుంది.

కోడలు ఆ నాలుగు రోజులూ సరిగా నిద్రపోలేదు. కొబ్బరినూనె రాసింది. నల్లబడ్డట్టే అనిపించి మర్నాటికి జిడ్డు మిగిలింది. ఆ జిడ్డు తీయడానికి సుద్దపొడిని సబ్బునీళ్లలో ముద్దగా కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా ఉంచింది. పొద్దున తీసేస్తే నూనెను పొడి పీల్చుకుంది. (రాతి మీద నూనె ఒలికితే ఇది నిజంగానే పనికొచ్చే ఉపాయం.) కానీ తెల్లమచ్చ తెల్లమచ్చే. ఆఖరికి దాని మీద కాళ్లు తుడుచుకునే పట్టా వేసింది.

అత్తగారు వచ్చారు. పట్టా తొక్కారు. ఏమీ అనలేదు. సాయంత్రం కోడలు పట్టాను ఆరేయడానికి తీసినప్పుడు, ఆవిడ సింకు దగ్గరికి వెళ్లి ఆగిపోయారు. కళ్లకు శుక్లాలు, మచ్చ సరిగా కనిపించదు. పాదానికి తెలిసింది. బొటనవేలితో అటూ ఇటూ రాసి చూశారు.

‘యాసిడా?’

‘...అవునత్తమ్మా.’

పెద్దావిడ కాసేపు నిలబడి, ‘ఆ బియ్యం డబ్బా పట్టు, పక్కకు జరుపుదాం’ అన్నారు. కోడలికి అర్థం కాలేదు. మూలనున్న యాభై కిలోల రేకు డబ్బా. ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ అది అక్కడే చూస్తోంది. జరిపితే దాని కింద ఉంది, గుండ్రంగా, పళ్లెమంత, తెల్లని మచ్చ!

‘తొంభై నాలుగుల... నిమ్మకాయ తొక్కు పెట్టిన. జాడీకి బీట ఉన్నది చూసుకోలే. రాత్రంత కారింది. మీ మామకు తెలిస్తే కొట్లాడుతడని పొద్దుగాల ఆయన లేవకముందే డబ్బా తెచ్చి పెట్టిన’ అన్నారు నవ్వుతూ. ‘ఆయనకు తెల్వనే తెల్వదు బిడ్డా!’

కోడలు మొదట నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

పండగ వెళ్లాక పాలిష్ మేస్త్రీ వచ్చాడు. మచ్చ చూడగానే ‘యాసిడ్ కొట్టిన్రా?’ అన్నాడు. రోజూ చూసేదే కాబోలు. దీనికి మందు ఒక్కటే, గాయం లోతు దాకా చుట్టూ రాయిని అరగదీసి సమం చేయడం. సామాన్లన్నీ హాల్లోకి చేరాయి. నీళ్లు పోస్తూ, మొదట గరుకు రాళ్లు, తర్వాత సన్నవి మారుస్తూ మెషిన్ తిప్పుతుంటే వంటింటి నిండా బూడిదరంగు బురద. రెండు రోజులు కర్రీ పాయింట్ భోజనమే గతి. మేస్త్రీ ఆఖరి మెరుగు పెట్టబోతుంటే పెద్దావిడ గడపలో నిలబడి ఆపేశారు. ‘అద్దం లెక్క వద్దు. గంతే చాలు.’ మెరుపు రాకుండా పని వదిలేయడం అతనికి నచ్చలేదు. ‘పెద్దమ్మా, రేపు నలుగురు చూసి నన్ను తిడ్తరు’ అని గొణిగాడు. నిజానికి వంటింటికి ఆవిడ చెప్పిందే సరైన లెక్క. నున్నటి మెరుపు మీద తడి పడితే కాలు నిలవదు. పైగా మెరుపు ఎంత ఎక్కువుంటే పులుపు మచ్చ అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రాయిలోకి ఇంకే సీలర్ ఒకటి పూయమని కొడుకు పట్టుబట్టాడు. పూశారు. నూనె, పసుపు తొందరగా లోపలికి దిగకుండా అది అడ్డుకుంటుంది. పులుపును మాత్రం ఆపలేదు. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు.

ఇప్పుడా ఇంట్లో పద్ధతులు మారాయి. సింకు కింద యాసిడ్ సీసా లేదు. నేల ముందు ఊడ్చి, ఆ తర్వాతే తడిగుడ్డ పెడతారు. ఇసుక ఉండగా తుడిస్తే గుడ్డే ఆకురాయిలా గీస్తుందని మేస్త్రీ చెప్పి వెళ్లాడు. బకెట్ నీళ్లలో ఘాటులేని సబ్బుద్రావణం రెండు చుక్కలు, అంతే. నిమ్మరసం, వెనిగర్‌తో నేల మెరిపించండంటూ ఫోనులో వచ్చే చిట్కాలను కోడలు తనే ముందు కొట్టిపారేస్తోంది. తాండూరు కందిపప్పుతో చేసిన పప్పుచారు (2022లో జీఐ గుర్తింపు వచ్చిన పప్పు మరి!) తాండూరు బండ మీద ఒలికినా సరే, చింతపండు పులుపు పులుపే. గరిటె కింద పెట్టి ముందు నేల తుడుస్తారు. మనవడు సైతం ‘నానమ్మా, చారు పడింది’ అని అరుస్తాడు.

మూలనున్న పాత మచ్చ మాత్రం పోలేదు. పెద్ద మెషిన్ గోడ వారకు అందలేదు. ‘చెయ్యి మెషిన్ తీసుకుని రేపొస్త, దాన్ని కూడ తీసేస్త’ అన్నాడు మేస్త్రీ. అత్తా కోడళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

‘గక్కడ బియ్యం డబ్బా ఉంటది తియ్యి’ అన్నారు పెద్దావిడ. కోడలు అప్పటికే డబ్బాకు ఒకవైపు పట్టుకుని నిలబడి ఉంది.