ఆ తడి చిల్లర

వదినగారూ, ఒక్క నిమిషం గోడ దగ్గరికి రండి. కళ్ళు అలా ఎర్రబడ్డాయేమిటని పొద్దున పాలబ్బాయి కూడా అడిగాడు. ఉల్లిపాయలు తరిగానని చెప్పేశాను. మీ దగ్గర దాచడమెందుకు, రాత్రి ఒక సినిమా చూసి తెల్లవార్లూ ఏడుస్తూనే ఉన్నాను.

బల్గేరియా వాళ్ళది. పేరు 'ఉరోక్', అంటే వాళ్ళ భాషలో పాఠం. క్రిస్టినా గ్రొజేవా, పీటర్ వల్చానోవ్ అని ఇద్దరు కలిసి తీశారు, 2014లో వచ్చింది. నదెజ్దా అని చిన్న ఊళ్ళో ఇంగ్లీషు టీచరమ్మ. క్లాసులో ఎవరిదో డబ్బు పోతుంది. దొంగ ఎవరో తేలాల్సిందేనని పట్టుబడుతుంది ఆవిడ. నిజాయితీ అంటే అంత ప్రాణం. అక్కడ బళ్ళో ఆ గొడవ నడుస్తుండగానే ఇంటికి వేలం నోటీసు వచ్చి పడుతుంది. మొగుడు ఇంటి అప్పు కంతులు కట్టకుండా ఆ డబ్బు పాత బండి రిపేరుకి తగలేశాడు. ఆవిడ చేసిన అనువాదాలకి రావలసిన డబ్బు కంపెనీవాడు ఇవ్వడు. తండ్రికి ఉంది. కానీ ఆయన దగ్గర చెయ్యి చాచాలంటే చచ్చేంత పని.

ఇవన్నీ ఓర్చుకున్నానండీ. ఎలాగోలా డబ్బు కూడగట్టి బ్యాంకుకి పరుగెడితే, ఇంకా కొంచెం చిల్లర తక్కువ, రుసుము కట్టాలంటారు చూడండి, అక్కడ నావల్ల కాలేదు. వీధిలో ఫౌంటెన్ ఉంటుంది, జనం ఏదో కోరుకుని నాణేలు వేసేది. ఆ నీళ్ళలోకి దిగి ఏరుకుంటుంది. పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకునే మనిషి, ఎవరో మొక్కుకుని వేసిన చిల్లర కోసం నీళ్ళలో చేతులు పెట్టి వెతుక్కుంటోంది. మార్గితా గోషేవా అనే ఆవిడ వేసింది ఆ వేషం. ఒక్క కన్నీటి చుక్క రాల్చదు. నేనే ఆపుకోలేకపోయాను.

మా అమ్మ గుర్తొచ్చింది వదినా. తనూ హైస్కూల్లో ఇంగ్లీషే చెప్పేది కదా. నాకు పదమూడో ఏడు ఉంటుందేమో, ఉన్నట్టుండి చేతులకి మట్టిగాజులు వేసుకుని బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. స్టాఫురూములో అడిగితే, బంగారు గాజుల సందుల్లో సుద్దపొడి పట్టేస్తోందండీ, తీసి దాచాను అందట. నేనూ అదే నమ్మాను. తాకట్టు పెట్టిందని అమ్మ పోయాక ఆ రసీదు దొరికితే తెలిసింది. జీవితంలో నాకు తెలిసి అమ్మ చెప్పిన అబద్ధం అదొక్కటే.

మన 'బడిపంతులు' చూశారుగా, 1972లో వచ్చింది, ఎన్టీఆర్, అంజలీదేవి. అందులోనూ ఎంత ఏడుస్తామో! అయినా మాస్టారికి పాత శిష్యుడు ఒకడు ఆదుకోవడానికి వస్తాడు. ఈ నదెజ్దాకి ఎవరూ రారు. ఏమ్మా, ఎలా ఉన్నావని అడిగే మనిషే లేదు. ఆ ఊళ్ళోవాళ్ళెవరూ రాక్షసులు కారు, ఎవరి పని వాళ్ళు చేసుకుపోతుంటారు, అంతే. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

చివరికి నదెజ్దా బ్యాంకు దోచుకుంటుంది. బల్గేరియాలో నిజంగానే ఒక టీచరు అలా చేసిందట, ఆ వార్త చూసే ఈ కథ అల్లుకున్నారట. మామూలుగా పేపర్లో అలాంటిది చదివితే ఛీ, పంతులమ్మ అయ్యుండి ఇదేం పని అనేదాన్ని. ఇప్పుడు అనలేను. ఆవిడ దొంగ కాదు వదినా.

మధ్యాహ్నం అన్నయ్యగారు కునుకు తీశాక ఇటు వచ్చేయండి, కలిసి చూద్దాం. ఆ ఫౌంటెన్ దగ్గర నా పక్కన ఎవరైనా ఉండాలి.