మేకుల లెక్క, బోల్టుల బిగింపు



సంఖ్యాకాండము నాలుగో అధ్యాయం వచ్చేసరికి మనలో చాలామంది త్వరత్వరగా పేజీ తిప్పేస్తాం. అందులో కథ ఉండదు, అద్భుతం ఉండదు. ప్రత్యక్ష గుడారం విప్పి బయలుదేరేటప్పుడు ఎవరు ఏం మోయాలి అనే పట్టీ అది. కహాతు సంతతివారికి మందసము, బల్ల, దీపవృక్షము వచ్చాయి. గెర్షోను సంతతివారికి తెరలు, కప్పులు వచ్చాయి. మెరారి సంతతివారికి మిగిలినవి పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు. మన భాషలో చెప్పాలంటే సామాను. మందసం మోసేవాళ్లను దారి పొడవునా జనం చూస్తారు. మేకుల మూట మోసేవాణ్ని ఎవరు చూస్తారు?

అయితే ఈ మెరారీయులు మోసే వస్తువులనే పేరు పేరునా లెక్క పెట్టి అప్పగించమని దేవుడు చెప్పాడు. మేకులు, తాళ్లతో సహా. మాకు తోచిన కారణం ఇది: మందసం మర్చిపోయి ఎవరూ బయలుదేరరు. మర్చిపోయేది మేకునే. అది లేని సంగతి గాలి లేచిన రాత్రి గాని తెలియదు.

ఈ అధ్యాయాన్ని ఈ డిసెంబరులో మేము కొత్తగా చదువుకున్నాం. మన సంఘం వ్యాను కింద గోనెపట్టా పరుచుకుని, మెకానిక్ తమ్ముడికి టార్చిలైటు పట్టుకుంటూ చదువుకున్నాం అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

మన వ్యాను సంగతి మీకు తెలుసు. పాత పెట్రోలు బండి, ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. ఆదివారం పొద్దున్నే మూడు కాలనీలు తిరిగి పిల్లల్ని, నడవలేని పెద్దవాళ్లను ఎక్కించుకొస్తుంది. కొన్నాళ్లుగా స్టార్టు చేయగానే టిక్ టిక్ టిక్ అని చిన్న శబ్దం, నాలుగైదు కిలోమీటర్లు పోయాక తగ్గిపోయేది. వేడెక్కితే పోతోంది కాబట్టి పర్వాలేదని డ్రైవర్లు అనుకోవడం మామూలే. నిజానికి ఆ శబ్దానికి అర్థం వేరు. ఇంజను నుంచి పొగ బయటికి పోయే దారిలో ఎక్కడో అతుకు వదులైంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ కొట్టుకొస్తుంటే టిక్కుమంటుంది. ఇనుము వేడికి సాగి సందు కొంత మూసుకుంటే శబ్దం అణుగుతుంది. కారడం మాత్రం పూర్తిగా ఆగదు.

ఈ సంగతి పట్టుకున్నది మెకానిక్ కాదు, మన సండే స్కూలు టీచరమ్మ. చివరి కాలనీ నుంచి వచ్చే పిల్లల్లో ఇద్దరు తలనొప్పి అన్నారు, ఒక పాప వాంతి చేసుకుంది, ఇంకొకడు పాట నడుస్తుండగానే జోగుతున్నాడు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వస్తున్నారని కొందరన్నారు. దిష్టి అన్నవాళ్లూ ఉన్నారు, విశ్వాసుల ఇళ్లలో కూడా. టీచరమ్మ మాత్రం రెండు ఆదివారాలు హాజరుపట్టీ పక్కన గుర్తులు పెట్టుకుంది. నడిచి వచ్చిన పిల్లల్లో ఒక్కరికీ ఏమీ లేదు. వ్యానులో వచ్చినవాళ్లకే ఉంది. అందులోనూ ఎక్కువ దూరం కూర్చున్నవాళ్లకే. మధ్యాహ్నం భోజనాల వేళకు అందరూ మామూలైపోతున్నారు. చలికి అద్దాలన్నీ మూసుకుని వస్తున్నారని కూడా ఆమే చెప్పింది.

పిల్లల్ని ఆసుపత్రిలో చూపించాం. దేవుని దయవల్ల బాగున్నారు.

బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ దీన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, తర్వాత నిద్ర. ఆ నిద్రలోనే ప్రాణం పోయినవాళ్లు ఉన్నారు. మూసిన షెడ్డులో ఇంజను ఆన్‌లో పెట్టుకుని కూర్చున్నా ఇదే ప్రమాదం. పొగ వాసన రావడం లేదు కాబట్టి క్షేమమే అనుకోవడానికి వీల్లేదు.

శనివారం సాయంత్రం పెద్దలతో కూర్చున్నాం. క్రిస్మస్ నెల కదా, ఒక్క ఆదివారం ఏదైనా ముద్ద పెట్టి తీగ చుట్టి నడిపిద్దాం అన్న మాట వచ్చింది. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, ముసలమ్మలు ఆరాధనకు రాలేకపోతారని వాళ్ల బాధ. అయినా బండి తీయలేదు. యౌవనస్థులు బైకుల మీద కొందరిని తెచ్చారు, ఇద్దరు అవ్వలు రాలేకపోయారు, వాళ్లకు సాయంత్రం ఇంటికి వెళ్లి ప్రార్థన చేశాం. ఒక అవ్వ మాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం ఇచ్చింది.

ఇక పని సంగతి. మనలో ఆటోలు, ట్రాక్టర్లు, కార్లు ఉన్నవాళ్లు చాలామందే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఆదివారం రాత్రే ఇంజను చల్లారాక తమ్ముడు నట్ల మీద తుప్పు వదిలించే నూనె పోసి వెళ్లాడు. పొగ గొట్టాల దగ్గర నట్లు వేడికి, తడికి తుప్పు పట్టి స్టడ్డుకు అతుక్కుపోతాయి. నాననివ్వకుండా లాగితే స్టడ్డు విరుగుతుంది, అప్పుడు డ్రిల్లు పెట్టి తీయాల్సిందే. సోమవారం పొద్దున టార్చి వేసి చూస్తే, ఇంజను మ్యానిఫోల్డుకు సైలెన్సరు గొట్టం కలిసే అతుకు దగ్గర ఒక పక్కంతా నల్లటి మసి. మసి ఉన్నచోటే లీకు. అక్కడ మూడు స్టడ్లున్నాయి. ఒకటి విపరీతంగా బిగించి ఉంది, పానాకు గొట్టం తగిలించి లాగి ఉంటారు, మర సాగిపోయింది. రెండోది వదులు. మూడోదానికి నట్టే లేదు. ఎప్పుడు ఎవరు బిగించారో మనకు తెలియదు, బండి మన చేతికి రాకముందే కావచ్చు. అతుకు విప్పాక మధ్యలో ఉండే ప్యాకింగ్ చూపించాడు. బిగించిన వైపు నలిగి కాగితంలా అయిపోయింది. ఎదుటి వైపు పొగ తగిలి కాలిపోయింది.

"ఇంత గట్టిగా బిగించారే, మరి లీకెందుకు?" అని మేము అడిగాం.

"గట్టిగా బిగించబట్టే అయ్యగారూ" అన్నాడు. "ముందు ఒకటి పూర్తిగా లాగేస్తే రెక్క అటు వాలిపోతుంది. ఇటు పక్క లేస్తుంది. ఇంక మిగతా రెండూ ఎంత లాగినా కూర్చోదు."

పాత ప్యాకింగ్ మళ్లీ వాడకూడదు, ఒకసారి నలిగింది రెండోసారి నలగదు. కొత్తది తెప్పించాం, స్టడ్లు, నట్లు కూడా కొత్తవే. రెండు ముఖాలనూ వైరు బ్రష్షుతో శుభ్రం చేశాడు. ఆ తర్వాత మేము గమనించింది ఏమిటంటే, అతను చాలాసేపు పానా ముట్టుకోలేదు. మూడు నట్లనూ వేళ్లతోనే తిప్పాడు. వేళ్లకు తిరగని నట్టు పానాకు తిరిగితే అది మర మీద మర ఎక్కి పాడైపోతున్నట్టేనట. వెనక గొట్టాన్ని రబ్బర్ల మీద వేలాడదీసి, వంకర లేకుండా సరిచూసి, గొట్టం బరువు స్టడ్ల మీద పడటం లేదని నమ్మకం కుదిరాక పానా తీశాడు. మూడింటినీ తలా కాస్త. మళ్లీ మొదటి దగ్గరికొచ్చి తలా కాస్త. ఎక్కువ స్టడ్లుండే మ్యానిఫోల్డుకైతే మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివరలకు పోవాలి. సైలెన్సరు మొత్తం విప్పినప్పుడు కూడా అన్నీ వదులుగా తగిలించి, ఇంజను వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి.

చివరి బిగింపుకు పక్క షెడ్డు నుంచి టార్క్ రెంచి అరువు తెచ్చాడు. దాని మీద అంకె పెట్టుకుంటే, అంత బిగింపు రాగానే చేతిలో టక్కుమంటుంది. అక్కడితో ఆపాలి. ఇలాంటి 8 మిల్లీమీటర్ల స్టడ్లకు చాలా బండ్లలో 20, 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. బండి బండికీ మారుతుంది కాబట్టి ఆ బండి పుస్తకంలో ఉన్న అంకెనే పాటించాలి. 25 అంటే ఎంతో తెలుసా? మీటరు పొడవు కడ్డీ చివర రెండున్నర కిలోల సంచి వేలాడదీసినంత. పానా పావు మీటరుంటే పది కిలోల లాగుడు. అంతే! చుట్టూ చేరిన కుర్రాళ్లు నమ్మలేదు. మన ఊళ్లలో బలం చూపించుకోవడానికి దొరికే చోట్లలో నట్టు ఒకటి.

వెనక ఇంకో అతుకు ఉంది, దాని బోల్టులకు స్ప్రింగులుంటాయి. ఒక కుర్రాడు స్ప్రింగులు తీసేసి గట్టిగా బిగించేద్దాం అన్నాడు. తమ్ముడు నవ్వాడు. నడిచేటప్పుడు ఇంజను ఊగుతుంది. వేడికి ఇనుమూ సాగుతుంది, మీటరు ఉక్కు గొట్టం 400 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ కదలిక కోసమే స్ప్రింగు. ఆ బోల్టుకు ఒక మెట్టు ఉంటుంది, అక్కడికి వెళ్లి ఆగుతుంది. అది ఆగాక ఇంకా లాగేవాడు స్ప్రింగు ఎందుకుందో తెలియనివాడు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మా మనసంతా ఇంకోచోట ఉంది. మన సంఘంలో రెండు కుటుంబాలు ఎనిమిది నెలలుగా మాట్లాడుకోవడం లేదు. అందరికీ తెలిసిందే, వివరాలు రాయం. బల్ల దగ్గరికి వచ్చే ముందు ఈ సంగతి తేల్చమని పెద్దలు అంటున్నారు, అది సరైన మాటే. కాని తేల్చే పద్ధతిగా మా ముందుకు వచ్చిన సలహాలన్నీ ఒకటే: ఫలానా ఆయన మెత్తని మనిషి, మీరు చెబితే కాదనడు, ఆయన చేత క్షమాపణ చెప్పించేయండి, పనైపోతుంది. మెత్తగా తిరిగే నట్టును ముందు పూర్తిగా లాగేయడం మన ఊళ్ల అలవాటు. ఇంట్లో కూడా అంతే, ఎదురు చెప్పని కోడలినే సర్దుకోమంటాం. అటు పక్క నలుగుతుంది, ఇటు పక్క లేస్తుంది. పైకి అతుకు కలిసినట్టే కనబడుతుంది. లోపల కూర్చున్న పిల్లలకు తల నొప్పి పుడుతుంది.

అందుకని మేము ఆ పని చేయలేదు. ఈ మూడు వారాలుగా మంగళవారం ఒక ఇంటికి, శుక్రవారం ఇంకో ఇంటికి వెళ్తున్నాం. ప్రార్థన చేసి, ఒక్క విషయం మాత్రం మాట్లాడి లేస్తున్నాం. మొదటి వారం మాట్లాడింది పొలం సంగతి కూడా కాదు, పిల్లల చదువులు. వేళ్లతో తిప్పడం అనుకోండి. పోయిన వారం ఒకరింట్లో మొదటిసారి రెండో వారి పేరు తిట్టు లేకుండా వినబడింది. ఇంకా కలవలేదు. క్రిస్మస్‌కు కలుస్తారని మేము మాట ఇవ్వలేం. తొందరపెట్టవద్దని మాత్రం పెద్దలను, బంధువులను బతిమాలుకుంటున్నాం. ఎవరి పక్షాన వాళ్లు వెళ్లి బలం చూపించవద్దు.

మెరారీయుల దగ్గర ఇంకొక్క సంగతి ఉండిపోయింది. ఏడో అధ్యాయంలో బండ్లు పంచినప్పుడు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు ఇచ్చారు. మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇచ్చారు. బరువెక్కువ కాబట్టి సాయం ఎక్కువ. ఈ లెక్క చదివాక క్రిస్మస్ పనుల పట్టీ మళ్లీ రాశాం. నక్షత్రం కట్టడం, మైకు సెట్టు, చందా, వ్యాను తోలడం నాలుగూ ఒకే కుర్రాడి పేరు పక్కన ఉన్నాయి. ఇప్పుడు నాలుగు పేర్లు ఉన్నాయి. తనకు మిగిల్చింది వ్యాను ఒక్కటే, అది తను అడిగి తీసుకున్నాడు. టీచరమ్మకు తోడుగా ఇద్దరు అక్కలను అడిగాం, ఒకరు సరే అన్నారు.

వ్యాను ఇప్పుడు నడుస్తోంది. బిగించిన రోజే నాలుగు ఊళ్లు తిప్పి, పూర్తిగా చల్లారాక తమ్ముడు మళ్లీ సరిచూశాడు. ఇంకో రెండు వారాలకు చూస్తానన్నాడు. చలి ఎంతున్నా వెనక అద్దాలు రెండు వేళ్లంత తెరిచే ఉంచమని తోలే తమ్ముడికి చెప్పాం, అవ్వలు దుప్పటి తెచ్చుకోగలరు.

మీ ఆటోకో కారుకో పొద్దున్నే టిక్కుమనే శబ్దం ఉన్నా, అతుకుల దగ్గర మసి కనబడినా, ప్రయాణంలో పిల్లలు తలనొప్పి అంటున్నా వాయిదా వేయవద్దు. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మెకానిక్ తమ్ముడు మందిరం ఆవరణలో ఉంటాడు, చూసినందుకు డబ్బు తీసుకోడు, సామానుకు మాత్రం మీరే పెట్టుకోవాలి. బండి రెండు గంటల ముందే తెచ్చి చెట్టు కింద పెట్టండి. ఇంజను వేడిగా ఉంటే అతను ముట్టుకోడు.