రెండు బస్తాలనుకుంటే...

కంప్యూటరు లెక్క తప్పదని మా ఊళ్ళో గట్టి నమ్మకం. యార్డులో కాటాని శంకిస్తారు గానీ కంప్యూటరు చీటీని శంకించరు. అటువంటి కంప్యూటరు అంచనా ఎలా తప్పుతుందో, ఆ తప్పు ఎక్కడ పుడుతుందో ఈ ఏడు మా ప్రాజెక్టులో కళ్ళారా చూశాను. సాటి విద్యార్థులతో చెప్పుకోవాలనిపించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా నలుగురి ప్రాజెక్టు మిర్చి మీద. ఒక మార్కెట్ యార్డు నుంచి పదేళ్ళ అమ్మకం చీటీలు తెచ్చాం. మొత్తం 12 లక్షల వరుసలు. వాటికి తోడు మండలాలవారీగా వాన పడ్డ రోజుల లెక్క, 3 లక్షల వరుసలు. రెండిటినీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో పోశాం. కళ్ళంలో ఆరబోసిన కాయ తడిస్తే రంగు పోతుంది, తాలు కింద జమకడతారు. వాన రోజుల్లో ఏ మండలం రైతుకి ధర ఎంత దెబ్బతింటోందో చెప్పడం మా పని.

జిల్లా పేరొక్కటే ఇచ్చి అడిగితే జవాబు వెంటనే వచ్చేది. జిల్లా, రెవెన్యూ డివిజను, మండలం మూడూ ఇచ్చి అడిగితే మాత్రం నిమిషం దాటినా ఉలుకూ పలుకూ లేదు. అడిగింది తక్కువ, ఆలస్యం ఎక్కువ! "మండలం తీసేద్దాంరా, జిల్లా దాకా చాలు" అన్నాడు ఒక మిత్రుడు. వైవా దగ్గరపడుతోంది, వాడి తొందర వాడిది. కానీ జిల్లా సగటు ఏ రైతు కడుపు నింపుతుంది? సెలవులకి వెళ్ళినప్పుడు మా నాన్న అడిగింది మా మండలం సంగతే. మా మేష్టారు మాత్రం, "ముందు అది వేసుకున్న ప్లాను చూడండి" అన్నారు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. డేటాబేసుని మనం ఏం కావాలో అడుగుతాం. ఎలా వెతకాలో నిర్ణయించేది దాని లోపలుండే ప్లానరు. ఎన్ని వరుసలు రావచ్చో ముందు అంచనా వేసి, దాన్నిబట్టి ఖర్చు తక్కువ దారి ఎంచుకుంటుంది. ఈ పద్ధతిని ఐ.బి.ఎం. వారి సిస్టమ్ ఆర్ కోసం పాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ఒక వ్యాసంలో వివరించారు. అంచనా కోసం ప్లానరు బల్లంతా లెక్కపెట్టదు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 30,000 వరుసల నమూనా తీసుకుంటుంది. పంటకోత ప్రయోగంలో అయిదు మీటర్ల చదరం కోసి ఊరి దిగుబడి అంచనా కట్టినట్టే.

ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అని అడిగితే గుట్టు బయటపడింది. చీటీల్లో అంచనా 2 వరుసలు, నిజంగా వచ్చినవి 2,400! పొలంలో రెండు బస్తాలే ఉన్నాయంటే నెత్తిన పెట్టుకుని వస్తాం. రెండువేల నాలుగువందలుంటే ట్రాక్టరు కడతాం. రెండే అనుకున్న ప్లానరు నెస్టెడ్ లూప్ ఎంచుకుంది. అంటే ఒక్కొక్క చీటీకీ 3 లక్షల వాన వరుసలూ మొదటినుంచి చదవడం. మొత్తం 72 కోట్ల వరుసలు. నెత్తిమోత కాక మరేమిటి!

నమూనా పాతబడిందేమోనని మళ్ళీ తీయించాం. అంచనా కదల్లేదు. అప్పుడు షరతులు విడివిడిగా పెట్టి చూశాను. జిల్లాకి 60,000, డివిజనుకి 20,000, మండలానికి 2,400. మూడు అంచనాలూ నిజానికి దగ్గరే. కలిపితేనే రెండు! కాగితం తీసి లెక్కవేశాను. జిల్లా ఇరవయ్యో వంతు, డివిజను అరవయ్యో వంతు, మండలం అయిదొందలో వంతు. మూడూ హెచ్చవేస్తే ఆరు లక్షల్లో ఒక వంతు. 12 లక్షల్లో అది సరిగ్గా రెండు. దొంగ దొరికాడు! ఒకదానితో ఒకటికి సంబంధం లేని ఘటనల సంభావ్యతలను హెచ్చవేయాలని మనం స్టాటిస్టిక్స్‌లో చదువుకున్న సూత్రమే అది. కానీ మండలం చెప్పాక డివిజనూ జిల్లా వేరే చెప్పాలా? ఊరు చెప్పినవాణ్ణి ఏ దేశమని అడిగినట్టుంటుంది.

ఇండెక్స్ కట్టినా ఆ ప్రశ్న గట్టెక్కేదే. తప్పు అంచనా మాత్రం అలాగే ఉండిపోయేది. నెస్టెడ్ లూప్‌ని మొత్తానికే ఆపేస్తే, నిజంగా రెండు బస్తాలున్నవాడికీ ట్రాక్టరు బాడుగ పడుతుంది. 2017లో వచ్చిన పదో వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్ స్టాటిస్టిక్స్ అనే ఆజ్ఞ ఉంది. ఈ మూడు గడులూ ఒకదానిమీదొకటి ఆధారపడి ఉన్నాయేమో చూసుకోమని రెండు బల్లలకీ దానితో చెప్పి, నమూనా మళ్ళీ తీయించాం. అంచనా 2,400 దరిదాపులకి వచ్చింది. వాన లెక్కని ఒక్కసారి చదివి తేదీలవారీగా సర్దిపెట్టుకునే హాష్ జాయిన్‌కి ప్లానరు తనంతట తానే మారింది. జవాబుకి సెకను కూడా పట్టలేదు.

ఆ రాత్రి హాస్టల్లో నాకు మరో హెచ్చవేత గుర్తొచ్చింది. బోరు ఎండటం పదేళ్ళకోసారి, పశువు ధర పడిపోవడం పదేళ్ళకోసారి, కూలిపని దొరక్కపోవడం పదేళ్ళకోసారి అనుకుందాం. విడివిడిగా చూసేవాడు మూడూ కలిసి వెయ్యేళ్ళకోసారి వస్తాయని ధీమాగా ఉంటాడు. కరువొచ్చినప్పుడు ఊరంతా ఒకేసారి పశువులు తోలుకుని సంతకి పోతుంది, ఊరంతా ఒకేసారి కూలికి నిలబడుతుంది. ఆ మూడూ ఒక్క ఏడే వస్తాయని మా అమ్మకి తెలుసు. అందుకే పంట బాగా పండిన ఏడు కూడా గాదెలో కొంత అట్టేపెడుతుంది. రేపు మనలో కొందరం ఆఫీసుల్లో కూర్చుని రైతుల లెక్కలు కడతాం. హెచ్చవేసే ముందు, ఏది దేనిమీద ఆధారపడి ఉందో ఒక్కసారి అడిగి చూద్దాం.