నాయన చెయ్యి

ఈమధ్య హైదరాబాదులో పసిపిల్లల చేతులకి, పెళ్ళిరోజున మొగుడూపెళ్ళాల చేతులకి అచ్చులు తీయించి ఫ్రేము కట్టించుకుంటున్నారు, చూసే ఉంటారు. పళ్ళ డాక్టర్లు వాడే ఆల్జినేట్ పొడి నీళ్ళలో కలిపి, అందులో చెయ్యి పెట్టి, గట్టిపడ్డాక లాగేసి, ఆ గుంటలో ప్లాస్టర్ పోయడమే. (నేరుగా ప్లాస్టర్లో మాత్రం చెయ్యి పెట్టకండి బాబూ. జిప్సంని కాల్చి నీళ్ళు పోగొడితే వచ్చేదే ప్లాస్టర్. మళ్ళీ నీళ్ళు తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. 2007లో ఇంగ్లండులో 16 ఏళ్ళ అమ్మాయి ఆర్టు క్లాసులో అలా పెట్టి, చేతులు బయటకి రాక, వేళ్ళు పోగొట్టుకుంది.)

గీతలు, గోళ్ళు, మచ్చలు అన్నీ వచ్చేస్తాయి. అయినా నాకవి చేతులకి తీసిన స్క్రీన్‌షాట్లలాగే కనిపిస్తాయి.

జహీరాబాద్‌లో మా నాయన కుడిచేతికి కూడా అలాగే అచ్చు తీశాను. ఏళ్ళ తరబడి చెరకు నరికిన చెయ్యి. చూపుడువేలి మీద పాత కొడవలి గాటుతో సహా బ్రహ్మాండంగా వచ్చింది. కానీ కదలకుండా ఉంచాలి కదా, వేళ్ళన్నీ వాలిపోయి ఉన్నాయి. నిద్రలో తప్ప ఆ చెయ్యి అలా ఉండగా నేను చూళ్ళేదు. ఆర్నెల్లకి పక్షవాతం వచ్చి నాయన కుడిచేతి పట్టు పోయింది. నాక్కావలసింది ఆ పట్టు. అచ్చులో అదే లేదు.

అందుకని చెక్కడం మొదలెట్టాను. ఇనప తీగ మీద ప్లాస్టర్లో ముంచిన పీచు చుట్టడం, ఆరాక ఆకురాయితో అరగదీయడం. మీ చెయ్యి ఓసారి వెనక వైపు నుంచి చూసుకోండి, వేళ్ళు పొడుగ్గా ఉంటాయి. అరచేతి వైపు నుంచి చూస్తే అవే పొట్టివి! ఇంకోటి, వేళ్ళని వంచే కండరాలు వేళ్ళలో ఉండవు, స్నాయువులే. పట్టు బిగించే కండ ఎక్కువగా ముంజేతిలో ఉంటుంది. అంటే మణికట్టు దగ్గర ఆపేస్తే పట్టు కనపడదన్నమాట. ముంజెయ్యి కూడా చెయ్యాల్సొచ్చింది.

రోదాన్ 1877లో చూపించిన బొమ్మ మరీ మనిషిలా ఉందని, మనిషి ఒంటిమీదే అచ్చు తీశాడని నిందించారట. అదే రోదాన్ 1908లో రెండు చేతులు చెక్కి 'కెథడ్రల్' అని పేరు పెట్టాడు. జాగ్రత్తగా చూస్తే రెండూ కుడిచేతులే, అంటే ఇద్దరు మనుషులవి. అచ్చులు తీసేవాడికి ఆ ఆలోచన వస్తుందా?

మా అమ్మకి ఇదంతా నచ్చలేదు. "తెగిన చెయ్యి ఇంట్ల ఎవరన్న పెట్టుకుంటరా బిడ్డా?" అంది. ఆవిడ బాధ నాకర్థమయ్యింది, మేడ మీదకి మార్చేశాను. నాయన్ని మెల్లగా పైకి తీసుకెళ్ళి చూపించాను. ఎడమచేత్తో చాలాసేపు తడిమి చూశాడు.

"బొటనేలు ఇంకింత లోపట్కి రావాలె. గిట్లుంటే కొడవలి జారుతది."

ఈ ఆదివారం రంపంతో బొటనవేలు కోసి మళ్ళీ అతికించాలి. అమ్మకి చెప్పలేదు.