అక్షరశిల్పము

గ్రాఫిక్ డిజైను నభ్యసించి తెలుఁగక్షరములకు క్రొత్తరూపములు దిద్దు యువతీయువకులు నేఁడు మనలోఁ బెరుగుచున్నారు. కంప్యూటరే వీరికి గంటము. వీరి సాహసము మాకుఁ బ్రియమే. అయినను ప్రయోగమునకుఁ జదువరి కన్నే గీటురాయి యని మా నమ్మకము.

తెలుఁగున నీ పని సులభము గాదు. ఒక యక్షరమునకుఁ బైని గుడియు, క్రింద నొత్తును జేరును. చోటు చాలనిచోఁ బంక్తులొండొంటి నొరసికొనును. ‘ప’కును ‘ఫ’కును భేద మడుగునున్న చిన్నగీఁతయే. సొగసునకై దానిని మింగివేసినచో ఫలము పలమగును. పెద్దలు సందర్భమును బట్టి గ్రహింతురు. అప్పుడే చదువ నేర్చు బాలిక యేమి చేయును? తప్పు తనదే యనుకొని నోరు మూసికొనును. మా తరగతిలో మేము చూచుచున్నది యిదియే.

2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ‘గురజాడ’, ‘గిడుగు’ ఫాంటులను సిలికానాంధ్ర సంస్థ యుచితముగా లోకమున కిచ్చెను. పేరులచే రెండును మా సీమవే: ఒకటి విజయనగరపు గురజాడవారిది, రెండవది 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలోఁ బుట్టిన గిడుగువారిది. ఇవి శీర్షికలకు, గోడప్రకటనలకు నుద్దేశింపఁబడినవి. వానిని పిల్లల వాచకమున సన్నయక్షరములుగా వాడినచో నది శిల్పి దోషము గాదు, వాడువాని దోషము. ఏ యక్షర మెవరి కొఱకో యెఱుఁగుటయే యీ విద్యకుఁ దత్త్వము.

గిడుగువారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులు. సవరపిల్లలకుఁ బుస్తకములు వ్రాయుటకు ముందు వారు సవరల నోటనే యా భాషను నేర్చికొనిరి. యువశిల్పులారా! మీరును ముందొక పల్లెబడికి రండు. మీ యక్షరములను బసివాఁడు కూడఁబలుకుకొని చదువుచుండఁగా వినుఁడు. ఎక్కడ వాఁడు తడఁబడునో యక్కడ మీ గీఁతను దిద్దుఁడు.