తెగిన పోగు

మా పామర్రులో విల్లంటే శ్రీరామనవమి పందిట్లో చూసిందే. మనవరాలి కాంపౌండ్ విల్లుకి రెండు కొసలా చక్రాలు, మధ్య తాళ్లు. విల్లో, కుట్టుమిషనో! బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది ఇలాంటిదానితోనేట.

నారికి మైనం రాయడం నా వంతు. వేళ్లతో రుద్దితే ఆ వేడికి పోగుల్లోకి ఇంకుతుంది. ఎన్ని జడలకి నూనె రాయలేదు ఈ చేతులు!

మొన్న చక్రం దగ్గర ఓ పోగు తెగి కనిపించింది. ఆదివారం పోటీ.

"ఇంకాస్త మైనం రాసెయ్ అమ్మమ్మా."

"నూగు రేగితే మైనం చాలు. పోగు తెగితే కాదే. లాగినప్పుడు నారి తెగితే ఆ బలమంతా విల్లు మీదికీ, నీ మొహం మీదికీ వస్తుందని నువ్వేగా చెప్పావు?"

కొత్త నారి వెయ్యాలంటే విల్లుని ప్రెస్సులో బిగించాలి, ఇంట్లో అయ్యే పనికాదు. వేశాక గురి మళ్లీ సరిచూసుకోవాలి. ఆదివారానికి కుదురుతుందో లేదో.

పిల్ల మూతి ముడుచుకునే విజయవాడ బస్సెక్కింది. విల్లు సంచీ మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు.